అంకె దిగదు

హంస బండి పుస్తకం. బ్యాటరీ 58 యూనిట్లు. రిమార్కుల గడి.

పరీక్ష 1. డ్రైవరు బాషా. యూనిట్‌కు 5.1. అంకె 296.

బండి తయారైన రోజే దాని పేర ఒక పుస్తకం తెరుస్తారు. తుక్కు కింద కొట్టేసేదాకా ఆ పుస్తకం బండి వెంటే తిరుగుతుంది. ప్రతి పేజీ చివరా రిమార్కుల గడి ఉంటుంది. దాన్ని నింపకపోతే తప్పు, నింపింది చదవకపోతే తప్పు కాదు. దూర పరీక్ష కేంద్రంలో పదకొండేళ్లు బండ్లు నడిపాక నాకు అర్థమైంది ఇదే. కాబట్టి కడుపులో ఉన్నదంతా ఇక్కడే కక్కుతాను.

ఈ రోజు హంసను బాషా నడిపాడు. నడపడమంటే రోడ్డు మీద కాదు. రోడ్డు మీద ఎండ, దుమ్ము, గుంతలు, గేదెలు. మేం బండిని హాల్లో రోలర్ల మీదికి ఎక్కిస్తాం. చక్రాలు తిరుగుతాయి, బండి మాత్రం ఉన్నచోటే ఉంటుంది. బయట నలభై నాలుగు డిగ్రీలైతే హాల్లో ఇరవై అయిదు. ఏసీ వెయ్యం, లైట్లు వెయ్యం, టైర్లలో గాలి బిర్రుగా కొడతాం, డ్రైవరు తప్ప ఇంకెవరూ ఎక్కకూడదు. చార్జి పూర్తిగా అయిపోయేలోపు ఎన్ని కిలోమీటర్లు వస్తే ఆ అంకెను తలుపు మీద అచ్చు వేస్తాం. జనం దాన్ని చూసే బండి కొంటారు.

దాని కింద చిన్న అక్షరాల్లో యూనిట్‌కు ఎన్ని కిలోమీటర్లో కూడా రాసి ఉంటుంది. దాన్ని ఎవరూ చూడరు. మొన్న పరీక్షించిన గరుడకు తొంభై రెండు యూనిట్ల బ్యాటరీ, అంకె 405. యూనిట్‌కు వచ్చేది 4.4 మాత్రమే, ఒట్టి తిండిపోతు. హంస అంతకన్నా ఎంతో పొదుపరి. అయినా అంకె చిన్నది గనక దాన్ని చిన్నచూపే చూస్తారు. నాకు ఇలాంటి బండ్లంటేనే ఇష్టం.

డైరెక్టరు విద్యాధర్ గారు 296 చూసి మొహం చిట్లించారు. రేపు చౌడేశ్వరి చేత నడిపించండి అన్నారు. చౌడేశ్వరి అంటే నేను.

పరీక్ష 2. డ్రైవరు చౌడేశ్వరి. యూనిట్‌కు 5.6. అంకె 325.

నా బరువు నలభై రెండు కిలోలు. నాకు ఉద్యోగం ఇచ్చింది సగం అందుకే. మిగతా సగం నా కుడికాలు చూసి ఇచ్చారు. ఆ కాలు మా బావ చలవ. మా అక్క సుంకమ్మ మొగుడు మద్దిలేటి బావ పెద్దమిట్ట డిపోలో బస్సు డ్రైవరుగా చేశాడు. యూనిట్‌కు ఎక్కువ కిలోమీటర్లు లాగిన డ్రైవరుకు డిపోలో ఏటా శాలువా కప్పేవారు. ఆయన పెట్టెలో ఎనిమిది శాలువాలున్నాయి. నాకు నేర్పేటప్పుడు స్టీరింగు ముందు గ్లాసు నిండా మజ్జిగ పెట్టేవాడు. ఒలికితే ఆ పూట నాకు మజ్జిగ లేదు. ఒక్క ఎండాకాలంలోనే నా కాలు దారికొచ్చింది.

325 రాగానే విద్యాధర్ గారు మైసూరుపాకులు తెప్పించారు. బాషా తినలేదు. నా పక్కకొచ్చి మెల్లగా అన్నాడు, "నీ కాలుతో కొలిచిన అంకెను రేపు మా కాళ్లతో ఎట్ల లాగేది అక్కా?" కుళ్లుకుంటున్నాడని అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇప్పుడు నా చెప్పుతో నేనే కొట్టుకోవాలి.

సాయంత్రం బావకు ఫోను చేసి గొప్పలు చెప్పాను. బావకు మూడేళ్ల క్రితం కిడ్నీలు పోయాయి. పెద్దమిట్ట ఆసుపత్రిలో రక్తం కడిగే మిషన్లు రెండున్నాయి. ఒకదాని మీద ఆయన, రెండోదాని మీద నరసమ్మ టీచరు, వారానికి మూడుసార్లు. మిషను మీద పడుకునే ఫోనెత్తాడు. మూడు వందల ఇరవై అయిదు అనగానే ఆయన నవ్వు వినిపించింది. "నా మరదలి కాలంటే కాలే" అని టీచరుతో కూడా చెప్పాడు.

పేజీ 3. కేటాయింపు: అంబులెన్సు. వజ్రకోట – పెద్దమిట్ట.

హంసను అంబులెన్సు కింద తీసుకున్నారు. దాంతోపాటు బండ్ల అంకెలు చూసే దూర మండలి ఉత్తర్వు కూడా వచ్చింది. నాలుగుసార్లు చదివాను.

వజ్రకోట పెద్దాసుపత్రి నుంచి కొండ మీది పెద్దమిట్టకు నూట యాభై ఎనిమిది కిలోమీటర్లు. పోను రాను మూడు వందల పదహారు. అంబులెన్సు అంకె మూడు వందల పదహారు దాటితే ఆ ఊరు పెద్దాసుపత్రికి అందినట్టే లెక్క. అందిన ఊరికి వేరే ఆసుపత్రి అక్కర్లేదు, మిషన్లు దించెయ్యాలి. అంకె సరిపోయిన దారిలో చార్జింగు బంకు కూడా ఉండకూడదు, తీగ పీకెయ్యాలి. ఇన్నేళ్లూ అంబులెన్సులన్నీ మూడు వందల లోపే ఉండబట్టి పెద్దమిట్ట బతికిపోయింది. బాషా 296తో ఆగిపోయి ఉంటే ఇంకా బతికేది. నేను మూడు వందల పదహారు మీద తొమ్మిది కిలోమీటర్లు ఎక్కువ లాగాను.

ఫోను చేస్తే అక్క తీసింది. మిషన్లను లారీ ఎక్కిస్తున్నారని చెప్పింది. వజ్రకోటలోనే ఉండిపోండి అందామంటే కుదరదు, నీళ్ల రేషను కార్డు పెద్దమిట్టది. పరాయి ఊరి కార్డుకు వజ్రకోటలో చెంబెడు నీళ్లు పుట్టవు. బావకివ్వు అన్నాను. అక్క ఇవ్వలేదు.

"నీ కాలు యాడ పెట్టినావో తెలుసునా చౌడీ? మా గొంతు మింద పెట్టినావు."

విద్యాధర్ గారి దగ్గరికి వెళ్లి, మళ్లీ పరీక్ష పెట్టండి, ఈసారి మామూలుగా నడుపుతాను అన్నాను. ఆయన కోప్పడలేదు. నియమాల పుస్తకం తీసి వేలు పెట్టి చూపించారు. ఎన్నిసార్లయినా పరీక్షించవచ్చు, వచ్చినవాటిలో పెద్ద అంకే నిలుస్తుంది.

"అంకె ఎక్కుతుందమ్మా, దిగదు. దిగితే కొన్నవాళ్లు ఊరుకుంటారా?"

బండిలో రోగి కూడా ఉంటాడు కదా, నర్సు ఉంటుంది, కొండ ఉంది, ఎండ ఉంది అన్నాను. అవేవీ పరీక్షలో లేవన్నారు. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమనే రకం. ఆ ఎద్దును ఈనించింది నేనే గనక నోరు మూసుకుని వచ్చేశాను.

ట్రిప్పు 1 నుంచి 6. డ్రైవరు బాషా.

తక్కువ అంకె తెచ్చినందుకు బాషాను అంబులెన్సు మీదికి మార్చారు. వారానికోసారి ముద్ర కోసం పుస్తకం కేంద్రానికి వస్తుంది. ముద్ర వెయ్యడం నా పని, అందుకని ఇంకా రాయగలుగుతున్నాను.

రోగులను ఒకరోజు కిందికి తెస్తారు, రాత్రికి ఆసుపత్రి వరండాలో పడుకోబెడతారు, మర్నాడు పైకి తీసుకెళతారు. వారంలో ఆరు రోజులు బావ రోడ్డు మీదే. బండి ఎక్కే ముందు అందర్నీ తూకం వేస్తున్నారట. నర్సును మానేశారు. అక్కను రానివ్వడం లేదు, ఆమె అరవై ఎనిమిది కిలోలు. ఏసీ వేస్తే ఇరవై కిలోమీటర్లు పోతాయి గనక వెయ్యరు. కిటికీలు తెరిస్తే గాలి బండిని వెనక్కి పడుతుంది గనక తెరవరు. బావ స్ట్రెచరు మీద పడుకుని బాషాకు పాఠం చెబుతున్నాడట. ఆరుసార్లూ చచ్చీ చెడీ చేరారు.

నేను ఈ పేజీ మీద ముద్ర వేశాను. అంకె 325, నడిచినది 316, సరి.

ట్రిప్పు 14. డ్రైవరు బాషా. 243 దగ్గర ఆగింది.

ఆ రోజు నలభై ఏడు డిగ్రీలు. బావకు జ్వరమని ఎక్కలేదు. నరసమ్మ టీచరు ఒక్కతే ఉంది. ఆమెకు ఊపిరాడక గిలగిల్లాడుతుంటే బాషా ఏసీ వేశాడు. వేగం కూడా పెంచాడు. వజ్రకోట ఇంకా డెబ్బై మూడు కిలోమీటర్లు ఉందనగా బండి నిలబడిపోయింది. ఆ దారిలో ఒకప్పుడు మూడు బంకులుండేవి.

మీటరు మాత్రం ఇంకా 82 కిలోమీటర్లు మిగిలాయనే చూపిస్తోంది. చట్టప్రకారం మీటరు తలుపు మీది అంకెలోంచి నడిచినది తీసేసి చూపించాలి, బ్యాటరీని అడగకూడదు. రెండో బండి రావడానికి నాలుగు గంటలు పట్టింది. టీచరు రెండో గంటలోనే పోయింది.

విచారణ అరగంటలో తేల్చేశారు. బండి అంకె 325, కాబట్టి తప్పు బండిది కాదు. డ్రైవరు కాలు బరువని పరీక్ష 1లోనే రుజువైంది. బాషాను తీసేశారు. సాక్షిగా నన్ను పిలిచి, 325 నిజంగా వచ్చిందా లేదా అని అడిగారు. వచ్చింది అన్నాను. అది నిజమే. ఆ నిజం చెప్పి బయటికొచ్చాను.

బాషా బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. టీచరు చివర్లో నీళ్లడిగితే ఇచ్చానని మాత్రం చెప్పాడు.

అక్కడి నుంచి తిన్నగా వెళ్లి అంబులెన్సు డ్రైవరుగా బదిలీకి కాగితం పెట్టాను. ఇక మిగిలింది బావ ఒక్కడే.

ట్రిప్పు 15. డ్రైవరు చౌడేశ్వరి. 319.

చేర్చాను.

గంటకు నలభై దాటకుండా నడిపాను. తెల్లారగానే బయల్దేరి, ఎక్కడ లారీ దొరికితే అక్కడ దాని వెనక చేరి, గాలిని దాని మీదికి తోసేశాను. దిగుడులో బ్రేకు ముట్టుకోలేదు. బావ మూసిన కిటికీల మధ్య నాలుగు గంటలు ఉడికిపోయాడు. దిగేటప్పుడు చొక్కా పిండితే చెంబెడు నీళ్లు వచ్చేవి. అయినా మురిసిపోయాడు. నేను బ్రేకు లేకుండా తిప్పిన మలుపులన్నీ వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పాడు. మూడు కిలోమీటర్ల చార్జి మిగిలింది. అక్క ఫోనులో మొదటిసారి నా మీద అరవకుండా మాట్లాడింది.

నాకు చాలా సంతోషమేసింది. సిగ్గులేకుండా రాస్తున్నాను.

ట్రిప్పు 38. డ్రైవరు చౌడేశ్వరి. 320.

ఇరవై నాలుగు ట్రిప్పులు, ఒక్కసారి కూడా ఆగలేదు. ఆ సంగతి మండలి దాకా వెళ్లింది. ఊరక రారు మహానుభావులు అన్నట్టు విద్యాధర్ గారే వజ్రకోటకు వచ్చి నా భుజం తట్టారు. బాషా విషయంలో కొందరు పత్రికలవాళ్లు గోల చేశారట. ఇప్పుడు వాళ్ల నోళ్లు మూతపడ్డాయట. హంస రోడ్డు మీద కూడా అంకె నిలబెట్టుకుందని నా ట్రిప్పులే సాక్ష్యమట.

ఆ తర్వాత అసలు సంగతి చెప్పారు. ఇలాంటి కొండ ఆసుపత్రులు ఇంకా పదకొండున్నాయి. అన్నీ పోను రాను మూడు వందల ఇరవై లోపు దూరాలే. మండలి నుంచి ఒక పరిశీలకురాలు వచ్చి ఒక్క ట్రిప్పు కళ్లారా చూస్తుంది. బండి చేరితే ఆ పదకొండింటికీ హంసలనే పంపి, మిషన్లు దించేస్తారు.

చేరకపోతే అని అడిగాను. చేరకపోతే కళ్లారా చూసినట్టే గదా, అప్పుడు హంసను ఈ పనిలోంచి తప్పించి మిషన్లు వెనక్కి పంపాల్సి వస్తుంది అన్నారు. నేను ఎందుకు అడుగుతున్నానో ఆయనకు తట్టలేదు. మీ చేతిలో ఆగే ప్రశ్నే లేదమ్మా అని నవ్వారు.

బావకు చెప్పకుండా ఉండాల్సింది. చెప్పేశాను.

ట్రిప్పు 43. డ్రైవరు చౌడేశ్వరి. పరిశీలన. 331.

పరిశీలకురాలు గరుడలో వచ్చింది. తొంభై రెండు యూనిట్లు, ఏసీ, అద్దాలకు నల్ల తెరలు. మా వెనకే వస్తానంది. బయల్దేరే ముందు ఆమెను ఒకటే అడిగాను. బండి ఆగిపోతే రోగిని మీ బండిలో ఎక్కించుకుంటారా అని. సాక్షి బండి బరువు మారకూడదని నియమం ఉందట. రెండో బండిని పిలిపిస్తామంది. నాలుగు గంటలు పడుతుందన్నాను. ఆమె అది కూడా రాసుకుంది.

అంతకు రెండు రోజుల ముందు మబ్బు పట్టి, వజ్రకోటలో ఎండతో ఎక్కే చార్జి నిండక ట్రిప్పు రద్దయింది. బావకు ఒక విడత తప్పింది. కాళ్లు, మొహం వాచి ఉన్నాడు. మాట మాటకూ ఆగి ఊపిరి పీల్చుకుంటున్నాడు. అక్క బండి తలుపు పట్టుకుని, జాగ్రత్త చౌడీ అంది. ఆమెకు బావ మనసులో ఏముందో తెలియదు.

ఘాటు దిగి చదునుకు వచ్చాక బావ పిలిచాడు.

"పాపా, ఈపొద్దు బండి నిలబెట్టు."

వినపడనట్టు నటించాను. మళ్లీ అన్నాడు.

"నీ కాలు ఒగటే. కొండలు పదకొండు. ఆ బండ్లు నడిపేది బాషా అట్లాటోళ్లే. టీచరు మాదిరి ఎంతమంది పోవాల?"

రెండో బండికి నాలుగు గంటలు పడుతుంది బావా, నువ్వు తట్టుకోలేవు అన్నాను.

"నాకు తెల్దా? లెక్కేసుకునే ఎక్కినా. ఏసీ వెయ్యి. చల్లగా పోతా."

వేలు ఏసీ మీట మీద పెట్టాను. నిజంగానే పెట్టాను. వజ్రకోట అరవై కిలోమీటర్లుంది. ఒక్క అరగంట వేసి, కాలు కాస్త బిగిస్తే చాలు. టీచరు బండిలాగే మేమూ దారి మధ్యలో ఆగేవాళ్లం. వెనకనున్న ఆమె కళ్లారా చూసేది. పదకొండు ఊళ్లలో ఎవరెవరు మిషన్ల మీద పడుకుని ఉన్నారో నాకు తెలియదు. వాళ్ల మొహాలు ఊహించుకోవాలని చూశాను. ఒక్క మొహమూ రాలేదు. అద్దంలో బావ మొహమే కనబడుతోంది, వాచిపోయి, నా వేలి వైపే చూస్తూ.

వేలు తీసేశాను.

ఆ తర్వాత అరవై కిలోమీటర్లు నేను నడిపినట్టు ఎవరూ నడపలేరు. భయంతో నడిపాను. గులకరాయి కూడా తప్పించాను. బావ ఒకసారి, "వొద్దు పాపా" అన్నాడు. ఇంకోసారి నా పేరు పెట్టి పిలిచాడు. పలకలేదు. వజ్రకోట గేటు దగ్గర ఇంకా పదిహేను కిలోమీటర్ల చార్జి మిగిలింది. మూడు వందల పదహారు, పదిహేను కలిపితే మూడు వందల ముప్పై ఒకటి. యూనిట్‌కు 5.7.

పరిశీలకురాలు గరుడ దిగి వచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపింది. అక్కడికక్కడే తలుపు మీది 325 గీకేసి 331 అచ్చు వేయించారు. బావను చక్రాల కుర్చీలో లోపలికి తోసుకెళుతుంటే వెంట నడిచాను. ఆయన మొహం అటు తిప్పుకున్నాడు. మిషను ఎక్కించారు. బతికాడు.

ట్రిప్పు 60. డ్రైవరు చౌడేశ్వరి. 322.

ఘాటు మొదట్లో మూడు లారీలు ఎదురొచ్చాయి. పైన టార్పాలిను కప్పి, తాళ్లతో బిగించి ఉంది. కింద పై ఊళ్ల ఆసుపత్రుల్లోంచి దించిన మిషన్ల కాళ్లు కనబడుతున్నాయి. దారిమ్మని హారను కొట్టారు, ఇచ్చాను. వాటి వెనక చేరితే కొంత గాలి తప్పేది. ఎటూ అవి వెళ్లేది కిందికి, నేను పైకి.

బావ పదిహేడు ట్రిప్పులుగా మాట్లాడటం లేదు. నేనే అక్కను అడిగాను.

"నీ బండి ఎక్కేది నా కోసరం ఎక్కుతాండాడు. మాట్లాడమని నన్ను చెప్పమనమాకు" అంది.

బండి నిలబెట్టమని బావ నన్ను అడిగిన సంగతి అక్కకు తెలిసిపోయింది. నా మొగుణ్ని బతికించినావని ఏడ్చింది. అందుకు దణ్ణం పెడతానంది. తన ఇంట్లో మాత్రం అడుగు పెట్టొద్దంది. మూడు మాటలూ ఒక్క ఊపిరిలో అంది. మూడూ సబబే.

ట్రిప్పు 88. డ్రైవరు చౌడేశ్వరి. 318.

పదకొండు కొండలకూ పదకొండు హంసలు తిరుగుతున్నాయి. అన్నిటి తలుపుల మీదా 331 ఉంది. వాటిలో ఏ ఒక్కదాన్నీ నేను నడపలేదు. డ్రైవర్లకు నేర్పమని నన్ను పిలిచారు. ఒక్క ఎండాకాలం టైమివ్వమన్నాను. రెండు రోజులు ఇచ్చారు. రెండు రోజుల్లో కాలు దారికి రాదు. అది కూడా చెప్పాను, రాసుకున్నారు.

ఆగిన బండ్ల జాబితా రోజూ పొద్దున్నే వజ్రకోట ఆఫీసు గోడ మీద అంటిస్తారు. పక్కన డ్రైవరు పేరు, కాలు బరువు అన్న మాట. బయల్దేరే ముందు చదువుకుని వస్తాను. చదవకుండా రావడానికి వీల్లేదు.

ఎందుకంటే బావ ఇప్పుడు మాట్లాడుతున్నాడు. పోయిన వారం నుంచి మొదలుపెట్టాడు. బండి ఎక్కి, స్ట్రెచరు మీద సర్దుకుని, తలుపు మూశాక ఒకే ఒక్క మాట అడుగుతాడు. మళ్లీ నూట యాభై ఎనిమిది కిలోమీటర్లు నోరు విప్పడు.

"నిన్న ఎన్ని నిలబడిపాయ?"

ఈ రోజు కూడా అడిగాడు. రెండు బావా అన్నాను. బండిలో మనుషులున్నారా అని అడగలేదు. ఉన్నారని నేనే చెప్పాను.